తడిసి ఆరే మొక్క

ఎయిర్ ప్లాంట్ గాలి తిని బతుకుతుందని అమ్మేవాళ్ళు చెప్తారు. అది నిజం కాదు. దానికి దాహముంది, ఆకలుంది, వెలుతురు కావాలి. అక్కర్లేనిది మన్ను ఒక్కటే. ఆ ఒక్క మాట పట్టుకుని "దీనికేం చెయ్యక్కర్లేదమ్మా, అలా వేలాడదీస్తే చాలు" అని చేతిలో పెట్టి పంపేస్తారు. కొనుక్కున్నవాళ్ళు నిజమేననుకుని వేలాడదీస్తారు. కొన్నాళ్ళకు అది ఎండి రాలుతుంది. లేదా ఎవరో భయపెడితే పొద్దస్తమానం నీళ్ళు చల్లుతారు, అప్పుడు మొదలు కుళ్ళి ఊడిపోతుంది. మా చుట్టుపక్కల ఫ్లాట్లలో ఎండి పోయినవాటికంటే కుళ్ళి పోయినవే ఎక్కువ చూశాను.

నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. బర్కత్‌పుర చమన్ నుంచి నారాయణగూడ వైపు వచ్చే దారిలో ఒక గల్లీలో మూడో అంతస్తు మాది. ఒకప్పుడు ఈ వీధిలో ఇంటింటికీ పెరడుండేది. జామ, సీతాఫలం, గన్నేరు, గోడ మీదికి పాకిన రాధామనోహరం. ఆ ఇళ్ళన్నీ ఒకటొకటిగా డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు మాకు మిగిలింది అయిదడుగుల బాల్కనీ, దానికి పావురాలు రాకుండా కట్టిన వల. కుండీలు పెడితే నీళ్ళు కారి కింది వాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద పడతాయి. మన్ను మోసుకురావాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. ఇలాంటి ఇళ్ళలో ఉండేవాళ్ళకు మన్ను అడగని మొక్క పెద్ద వరమే. అందుకే దాని సంగతి సరిగ్గా తెలియాలని నా తాపత్రయం.

దీని అసలు పేరు టిల్లాండ్సియా. 650కి పైగా జాతులున్నాయి, అన్నిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే, ఉత్తరాన అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి కింద అర్జెంటీనా దాకా. కుటుంబం మనకు బాగా తెలిసినదే. సింహాచలం కొండ కింద బుట్టల్లో పెట్టి అమ్మే అనాస దీనికి దాయాది. అడవిలో చెట్ల కొమ్మల మీద, బండల మీద, నాగజెముళ్ళ మీద పెరుగుతుంది. ఒక జాతి కరెంటు తీగల మీద కూడా గుబురుగా అల్లుకుంటుంది. పెరూ, చిలీ తీరాల్లో వానంటే ఎరగని ఇసుక ఎడారుల్లో వేళ్ళు కూడా లేకుండా ఇసుక మీద పడి ఉండి, సముద్రం మీంచి వచ్చే పొగమంచు తాగి బతికే జాతులున్నాయి. ఎంత ఎడారిదైనా తాగేది నీళ్ళే. ఈ మొక్కలకు పేరు పెట్టిన లిన్నేయస్ కూడా ఇక్కడే పొరబడ్డాడు. 17వ శతాబ్దంలో ఫిన్లాండ్‌లోని తుర్కులో వైద్యం, వృక్షశాస్త్రం చెప్పిన ఎలియాస్ టిల్లాండ్స్ అనే ఆచార్యుడికి ఒకసారి పడవ ప్రయాణంలో కడుపులో తిప్పేసి, ఇక సముద్రం ముఖం చూడనని సింధుశాఖ చుట్టూ నేల మీదే తిరిగి వచ్చాడని కథ. ఈ మొక్కలకు తడి గిట్టదనుకుని లిన్నేయస్ ఆయన పేరు వీటికి పెట్టాడు. ఆ పొరపాటు ఇప్పటికీ అమ్మేవాళ్ళ నోట నడుస్తోంది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు పల్లె. మొదటిసారి వీటిని చూసి, "ఏందమ్మా గిది? మన్ను లేదు, కుండీ లేదు. మా దిక్కు మామిడి చెట్ల మీద బదనిక ఉంటది గద, గసొంటిదా?" అని అడిగింది. చదువుకున్నవాళ్ళు కూడా అడగని ప్రశ్న. బదనిక చెట్టు మీదే మొలుస్తుంది కానీ కొమ్మలోకి తన వేరు దించి రసం పీలుస్తుంది, మామిడి కొమ్మ క్రమంగా నీరసిస్తుంది. ఎయిర్ ప్లాంట్ అలా చెయ్యదు. కొమ్మ దానికి కూర్చునే చోటు మాత్రమే. దాని వేళ్ళు పట్టుకోవడానికే తప్ప తాగడానికి కావు. అందుకే దాన్ని ఏ చెట్టుకు కట్టినా చెట్టుకు నష్టం లేదు, తీగకు కట్టినా మొక్కకు నష్టం లేదు.

మన అడవుల్లో అలా బతికేవాటిని చూడాలంటే వాండా అనే ఆర్కిడ్‌ను చూడాలి. ఇప్ప చెట్ల మీదా మామిడి చెట్ల మీదా లావుపాటి తెల్లని వేళ్ళు గాలిలోకి వదిలి ఉంటుంది. పువ్వు మీద గోధుమరంగు గళ్ళు. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని గుర్తించి, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మల పుస్తకంలో వేయించాడు. వాండా వేళ్ళ చుట్టూ మెత్తటి తెల్లని పొర ఉంటుంది, వానపడగానే నీళ్ళు పీల్చుకునేది అదే. టిల్లాండ్సియా ఆ పని ఆకులకు అప్పగించింది. పెంపకంలోని మర్మమంతా ఈ ఆకులోనే ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

పిల్లలకు ప్రాక్టికల్స్‌లో వాడే పదింతల భూతద్దం ఉంటే దాని కింద ఒక ఆకు పట్టి చూడండి. దూరానికి బూడిద పూసినట్టు కనిపించే ఆకు దగ్గరికి వచ్చేసరికి వెండిరంగు పొలుసులతో కప్పి ఉంటుంది. ఒక్కో పొలుసు నడుమ చిన్న బిళ్ళ, చుట్టూ పలుచని రెక్క. ఎండిన ఆకు మీద ఆ రెక్క అంచులు పైకి లేచి ఉంటాయి, మిద్దె మీద ఎండిన అప్పడం అంచుల్లాగా. ఇప్పుడు ఒక చుక్క నీళ్ళు వెయ్యండి. చుక్క జారిపోదు, ఆకు మీద పరుచుకుంటుంది. పొలుసుల రెక్కలు మెత్తబడి ఆకుకు అతుక్కుపోతాయి. బూడిదరంగు మాయమై ఆ మేరకు ఆకు పచ్చగా బయటపడుతుంది, మన కళ్ళముందే, నిమిషం కూడా పట్టదు. పొలుసు నడుమ బిళ్ళలోంచి నీళ్ళు కింద ఉన్న ప్రాణమున్న కణాల్లోకి దిగుతాయి. ఆరేటప్పుడు ఆ బిళ్ళ ముడుచుకుని మూత పడిపోతుంది, లోపలికి వెళ్ళిన తడి మళ్ళీ బయటకు పోదు. పొడిగా ఉన్నప్పుడు అవే పొలుసులు ఎండను వెనక్కి కొట్టి ఆకును కాపాడతాయి. క్లాసులో ఇది చూపించినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చి తొంగిచూసేవాళ్ళు.

ఆకు పచ్చబడిందంటే తాగిందని అర్థం. మళ్ళీ బూడిదరంగుకు వచ్చిందంటే ఆరిందని అర్థం. ఈ రెండో దాన్నే అందరూ మరిచిపోతారు. నీళ్ళపొర ఆకు మీద పరుచుకుని ఉన్నంతసేపూ ఆకు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, ఊపిరాడదు. తడిసిన నాలుగు గంటల్లోపు ఆకు మొదళ్ళ దాకా పూర్తిగా ఆరాలి. ఆరకపోతే మొదలు నల్లబడుతుంది, నడిమి ఆకు పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. అప్పుడిక చేసేదేమీ లేదు. ఎన్నిసార్లు తడిపామన్నది తరవాతి మాట, ఎంత త్వరగా ఆరిందన్నది ముందు చూసుకోవాలి.

ఇందులో పగలు రాత్రి తేడా కూడా ఉంది. మామూలు మొక్క పగలు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటుంది. చాలా ఎయిర్ ప్లాంట్లు పగలు తెరిస్తే ఉన్న తడి ఆవిరైపోతుందని రాత్రి చల్లబడ్డాకే తెరుస్తాయి. రాత్రి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుని, తెల్లారాక తలుపులు మూసుకుని ఆ ఆమ్లంతో వంట చేసుకుంటాయి. ఈ సంగతి లోకానికి తెలియడంలో మన గోదావరి జిల్లాలతో సంబంధమున్న ఒకాయన పాత్ర ఉంది. రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్ళాక సామర్లకోట తోట చూసుకున్న బెంజమిన్ హేన్, రణపాల ఆకు పొద్దున్న నోట్లో వేసుకుంటే పుల్లగా ఉందనీ, మధ్యాహ్నానికి ఆ పులుపు పోయి చప్పబడిందనీ, సాయంత్రానికి చిరుచేదు తగిలిందనీ గమనించి లండన్‌లోని లిన్నేయన్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1815లో అది అచ్చయింది. మన రణపాల, కలబంద, నాగజెముడు, అనాస, టిల్లాండ్సియా అన్నీ ఈ పద్ధతిలోనివే. మీ పెరట్లోనో మేడ మీదో రణపాల ఉంటే పొద్దున్న ఆరింటికి ఆకు చివర చిన్న ముక్క కొరికి, రుచి చూసి ఉమ్మేయండి. మళ్ళీ మధ్యాహ్నం భోజనానికి ముందు చూడండి. పొద్దున్న ముక్క చుక్కకూరను గుర్తుచేస్తుంది.

మరి రాత్రి ఊపిరి పీల్చుకునే మొక్కను సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తడిపితే? రాత్రంతా దాని ముక్కూ నోరూ మూసినట్టే. తడపడం ఎప్పుడూ పొద్దున్నే. ఎనిమిదింటి లోపు అయిపోతే మరీ మంచిది.

ఎలా తడపాలి? స్ప్రే సీసాతో పైపైన చిలకరించడం మన ఎండలకు చాలదు, పొలుసులు తడుస్తాయి గానీ కడుపు నిండదు. టబ్బులో నీళ్ళు పోసి మొక్కను మొత్తంగా ఇరవై నిమిషాలు ముంచండి. తీశాక తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించండి, ఆకుల సందుల్లో నిలిచిన నీళ్ళు చిమ్ముతాయి. తరవాత బట్టలారేసే స్టాండు మీద తలకిందులుగానే పెట్టి ఫ్యాను వెయ్యండి. మా ఇంట్లో మా వారి బనీన్ల పక్కనే ఇవీ ఆరతాయి. పూర్తిగా బూడిదరంగుకు వచ్చాక మళ్ళీ బాల్కనీ వల మీదికి.

నీళ్ళ సంగతి మన ఊళ్ళో విడిగా చెప్పాలి. బోరు నీళ్ళు వద్దు. మా బోరు నీళ్ళతో గీజరు కాయిలు మీద సున్నం పేరుకుపోయి ఏటా మెకానిక్కు వస్తాడు, బాత్రూం నల్లాల మీద తెల్ల చారలు ఎంత తోమినా పోవు. అదే సున్నం ఆకు పొలుసుల మీద కూడా పేరుకుని, నీళ్ళు దిగే దారులు మూసేస్తుంది. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని మన భారతీయ ప్రమాణం చెప్తుంది. ఈ మొక్కలకు అంతకంటే చాలా తక్కువైతే మంచిది. మీ బోరు ఎలాంటిదో తెలియకపోతే ఆన్‌లైన్లో దొరికే టీడీఎస్ మీటరు ముంచితే తెలిసిపోతుంది. పద్ధతిగా పరీక్ష చేయించాలనుకుంటే నారాయణగూడలోనే ఐపీఎం ఉంది కదా, నీళ్ళ పరీక్షలు చేసే సంస్థ. మున్సిపల్ నల్లా నీళ్ళు బోరుకంటే నయం. బకెట్లో పట్టి రాత్రంతా మూత తీసి ఉంచి పొద్దున్న వాడండి. అన్నిటికంటే మంచివి వాన నీళ్ళు. మేడ మీద మొదటి వాన దుమ్ము కడిగేశాక పట్టి, మూతున్న డబ్బాల్లో దాచుకుంటే చాలా రోజులు వస్తాయి.

మూడు రకాల నీళ్ళు మాత్రం వీటి దరిదాపులకు రానివ్వకండి. వాటర్ ఫిల్టరు బయటకు వదిలే నీళ్ళు వృథా ఎందుకని చాలా ఇళ్ళలో మొక్కలకు పోస్తారు. లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు స్వచ్ఛంగా కనిపిస్తాయి గానీ లోపల రాగి గొట్టాలను తాకి వస్తాయి. మూడోది రాగి బిందెలో నిలవ పెట్టిన నీళ్ళు. మనకు ఆరోగ్యమని రోజూ తాగుతాం, కానీ అనాస కుటుంబానికంతటికీ రాగి విషం. ఇదే కారణంగా వీటిని రాగి తీగతో కట్టకూడదు. తెగులు వచ్చిందని నర్సరీవాళ్ళు ఇచ్చే కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు కొట్టకూడదు. గులాబీకి కొట్టేటప్పుడు గాలికి వచ్చి పడినా ప్రమాదమే, ఆ పూట వీటిని లోపల పెట్టండి.

కాలాన్ని బట్టి లెక్క మారుతుంది. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ వారానికి ఒకసారి అని చెప్పే లెక్క ఏ దేశపు గాలికో చెప్పింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక మన గాలిలో తేమ రోజురోజుకీ పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు ముంచాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో మూడుసార్లైనా తప్పులేదు, గంటలో ఆరిపోతాయి. ఆకులు నిలువునా లోపలికి చుట్టుకుంటున్నాయంటే దాహమని గుర్తు. ఎండాకాలంలో వీటికి మనింట్లో అన్నిటికంటే మంచి చోటు కూలరున్న గది. కూలరు చల్లనిగాలితో పాటు తేమనూ ఇస్తుంది, గాలి ఆడుతూ ఉంటుంది, అడవిలో వీటికి దొరికేది సరిగ్గా అదే. కూలరు మూతికి ఎదురుగా కాకుండా గదిలో ఓ పక్కన కట్టండి. ఏసీ గది అలా కాదు, ఉన్న తేమను కూడా లాగేస్తుంది.

మృగశిర కార్తె వచ్చి, నాంపల్లిలో చేప మందుకు జనం బారులు తీరే వేళకి మన చెయ్యి వెనక్కి తీసుకోవాలి. వానాకాలంలోనే వీటిని ఎక్కువగా పోగొట్టుకుంటాం. ముసురు పట్టిన రోజుల్లో బట్టలే ఆరవు, ఈ గుబురాకులు ఎలా ఆరతాయి? ముసురు విడిచి ఎండ పొడ కనిపించిన పొద్దున మాత్రమే ముంచండి, అదీ అయిదు నిమిషాలు చాలు. నాలుగు రోజులు ఎండ రాకపోతే నాలుగు రోజులూ ఊరుకోండి. దానికేం కాదు. బతుకమ్మ వెళ్ళాక గాలి తేటపడుతుంది, అప్పట్నుంచి సంక్రాంతి దాకా వారానికొక మునక సరిపోతుంది. ఈ ఊళ్ళో వీటికి సుఖమైన కాలం అదే.

మా రెండో అంతస్తులో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి ఒక గాజు గోళంలో రంగురాళ్ళు పోసి, నాచు పరిచి, నడుమ ఎయిర్ ప్లాంట్ పెట్టి ఉన్నదాన్ని బహుమతిగా అందుకుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. "ఆంటీ, రోజూ కొంచెం నీళ్ళు చల్లుతున్నాను, అయినా నల్లబడుతోంది" అంటూ పట్టుకొచ్చింది. గోళానికి ఒక పక్క చిన్న కన్నం తప్ప గాలి వెళ్ళే దారి లేదు. కింద నాచు తడి పట్టి ఉంది. ఆ అమ్మాయి ప్రేమగానే చూసుకుంది, ఆ గాజు ఇల్లే దాన్ని చంపింది. అలంకారం కోసం ఇలాంటి గోళాల్లో పెట్టి అమ్మడం ఆపాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. కొబ్బరి పీచులో దూర్చి ఇచ్చినా, జిగురుతో చెక్కకు అంటించి ఇచ్చినా ఇంతే, మొదలు దగ్గర తడి నిలుస్తుంది. ఇంటికి తెచ్చిన రోజే వాటిని విడిపించండి. ఎండిన మామిడి కొమ్మో, సర్వి కర్ర ముక్కో, కొబ్బరి చిప్పో తీసుకుని చేపల గేలానికి వాడే సన్నని నైలాన్ దారంతో వదులుగా కట్టండి. కొన్ని నెలలకు వేళ్ళే పట్టుకుంటాయి.

నేనైతే పావురాల వలకే కడతాను. తూర్పు బాల్కనీ కాబట్టి తొమ్మిదింటి దాకా లేత ఎండ తగులుతుంది, అది మేలే. పడమటి బాల్కనీ ఉన్నవాళ్ళు మార్చి నుంచి జూన్ దాకా గుడ్డ పరదా వెయ్యాలి, మూడింటి ఎండకు ఆకు కొసలు కాలిపోతాయి. చీకటి హాల్లో టీవీ పక్కన పెట్టినవి ఎండవు, కుళ్ళవు, కానీ నెలల తరబడి చిక్కి శల్యమవుతాయి. పుస్తకం లైటు లేకుండా చదువుకోగలిగేంత వెలుతురు పగలంతా ఉన్న చోట పెట్టండి. వల లోపలి వైపే కట్టాలి సుమా. స్పానిష్ మాస్ అని గడ్డాల్లాగా వేలాడే రకం ఉంది, దాన్ని వలకు ఆనించి కడితే పావురాలు బయటి నుంచి పోగులు లాక్కుపోయి గూళ్ళు కట్టుకుంటాయి. ఒకప్పుడు అమెరికాలో దీన్ని ఎండబెట్టి పరుపుల్లోనూ కార్ల సీట్లలోనూ కూరేవాళ్ళట, పావురాలకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ రకాన్ని మందంగా ముద్దలా వేలాడదియ్యకండి, లోపలి పోగులు ఆరవు. హ్యాంగరు మీద దువ్వినట్టు పలుచగా పరచండి.

ముంచిన టబ్బు నీళ్ళు అప్పుడే పారబోయండి. డెంగీ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. 2020లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్ళు చూసుకోమని ప్రచారం చేశారు గుర్తుందా, నేను ఆ అలవాటు వదల్లేదు. ఆదివారం పొద్దున్నే మొక్కల స్నానం, ఆ తరవాత టబ్బు, కూలరు ట్రే, ఫ్రిజ్ వెనక పళ్ళెం అన్నీ ఖాళీ.

ఇవి గాలిని శుభ్రం చేస్తాయా అని అడుగుతారు. గది గాలి మారాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. కిటికీ తీస్తే అంతకంటే మేలు. అయితే గాలిలో ఏముందో మాత్రం ఇవి చెప్పగలవు. వేళ్ళతో మన్ను తాకవు కాబట్టి వీటి ఒంట్లో చేరేదంతా గాలిలోంచి వచ్చిందే. అందుకే లాటిన్ అమెరికా దేశాల్లో శాస్త్రవేత్తలు ఊళ్ళలో వీటిని వేలాడదీసి, గాలిలో వచ్చే సీసం వంటి లోహాలను కొలుస్తారు. మా ఫ్లాట్‌కు ఇంకో పక్కన, బస్సులు తిరిగే రోడ్డు వైపు కట్టినవాటిని నేను ముంచిన రోజు టబ్బు అడుగున నల్లని మడ్డి దిగుతుంది. గల్లీ వైపు కట్టినవాటి నీళ్ళు తేటగానే ఉంటాయి. రెండింటికీ మధ్య ఒక హాలు, ఒక వంటిల్లు అంతే దూరం. రోడ్డు వైపు మొక్కలను వేరే టబ్బులో కడగండి, ఆ దుమ్ము పొలుసులను మూసేయకుండా.

కొనేటప్పుడు ఆకు రంగు చూడండి. వెండిరంగు ఎంత ఎక్కువైతే ఎండకు, పొడిగాలికి అంత ఓర్చుకుంటుంది. పచ్చగా నునుపుగా ఉన్నవి తేమ అడవులవి, మన మే నెల వాటికి కష్టం. మొదటిసారైతే అయోనాంథా తీసుకోండి, బొటనవేలంత ఉంటుంది, తప్పులు ఓర్చుకుంటుంది. కాపిటాటా, స్ట్రిక్టా కూడా మన దగ్గర బాగా వస్తాయి. బల్బోసా అని ఉల్లిగడ్డలాంటి మొదలుతో, పాముల్లా మెలికలు తిరిగిన ఆకులతో ఒకటుంది. దాని ఉబ్బులోపల బోలు, అడవిలో అందులో చీమలు కాపురముంటాయి. దాన్ని ముంచితే ఆ బోలులో నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది, పైపైన తడపాలంతే. గంపంత పెరిగి ఆకులు ఉంగరాలు తిరిగే జీరోగ్రాఫికా అన్నిటికంటే అందగత్తె, హైదరాబాదు ఎండకు చక్కగా నిలుస్తుంది. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో దాన్ని విచ్చలవిడిగా పీకేయడంతో అంతర్జాతీయ వ్యాపారానికి సైటిస్ ఒప్పందం కింద అనుమతి తప్పనిసరి చేశారు. నర్సరీలో పెంచినదేనా అని అడిగి తీసుకోండి. పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగినప్పుడు వెళ్తే కడియం నుంచి, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళ దగ్గర రకాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తీసుకునే ముందు మొదలు నొక్కి చూడండి, గట్టిగా ఉండాలి.

ఎరువు పెద్ద విషయం కాదు. కూరగాయలకు వాడే 19-19-19 పొడి లీటరు నీళ్ళకు పావు గ్రాము, నెలకొకసారి, ముంచే నీళ్ళలోనే. పేడ, వర్మీకంపోస్టు, బియ్యం కడిగిన నీళ్ళు వద్దు.

ఇన్ని జాగ్రత్తలూ పడితే కొన్నేళ్ళకు ఒక పొద్దున అయోనాంథా నడిమి ఆకులు ఎర్రబడడం కనిపిస్తుంది. వారం తిరిగేసరికి మొక్కంతా కుంకుమరంగు, దాని నడుమ నుంచి ఊదారంగు గొట్టంలాంటి సన్నని పువ్వు, కొసన పసుపు పుప్పొడి. పువ్వు కొద్ది రోజులే ఉంటుంది. మొక్క జన్మలో ఒక్కసారే పూస్తుంది, ఆ తరవాత తల్లి మొక్క మెల్లగా క్షీణిస్తుంది. అది చూసి రోగమనుకుని పారేస్తారు చాలామంది. పారేయకండి. మొదలు దగ్గర చూస్తే పిలకలు వస్తూ ఉంటాయి, తల్లి తన బలమంతా వాటికి ఇస్తూ ఏడాది రెండేళ్ళు ఉంటుంది. పిలక తల్లిలో సగమయ్యాక విడదీయవచ్చు. విడదీయడానికి వానాకాలం వద్దు, దసరా వెళ్ళాక మంచిది. మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని కిందికి మెలితిప్పితే ఊడివస్తుంది, రాకపోతే ఇంకో నెల ఆగండి. విడదీయకుండా వదిలేస్తే ఒకే గుత్తిగా పెరుగుతాయి, అదీ బాగుంటుంది. మా వాచ్‌మన్ భార్య ఒక పిలక అడిగి తీసుకుని సెల్లారు మెట్ల దగ్గర, ఎండ పడే కిటికీ కమ్మీకి కట్టుకుంది. విడదీసిన పిలకను రెండు రోజులు నీళ్ళలో ముంచకూడదని ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను, తెగిన చోట గాయం ఆరాలి.